పది అడ్రసుల ఇల్లు

ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే మా అమ్మకి ఊపిరాడదు. ముందు మంచినీళ్ళు, తర్వాత టీ, ఆ తర్వాత "తిని వెళ్ళండి". ఇంతవరకూ నాకు పేచీ లేదు. ఇంట్లో వైఫై పెట్టించిన నెల నుంచి ఈ వరసలోకి పాస్‌వర్డ్ కూడా వచ్చి చేరింది, అదీ మంచినీళ్ళకంటే ముందు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూ ఉండగానే "ఇదిగో, ఫోను తియ్యండి, చెబుతా" అని మొదలుపెట్టేది. నేను గుడ్లురిమి చూస్తే నా వైపు తిరిగి, "ఏందిరా ఆ చూపు? ఇంటికొచ్చినోళ్ళకి ఆ మాత్రం ఇవ్వకపోతే ఎట్టా?" అనేది. వాళ్ళ ముందు నేనేం మాట్లాడను? పళ్ళు నూరుకుంటూ లోపలికి పోయేవాణ్ణి.

అది ఫోన్లో డేటా ఇంకా చవకవ్వని కాలం. స్మార్ట్ ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేశాయి కానీ నెట్ ప్యాక్ మాత్రం నెయ్యి వాడినట్టు చూసి చూసి వాడుకోవాల్సిందే. పైగా రాయపూర్ మొత్తం మీద మేముండే మోవాలో మా వీధికే సిగ్నలు అంతంతమాత్రం. గేటు దగ్గర నిలబడితే వచ్చేది, గడప దాటితే తెర మీద చక్రం తిరుగుతూ కూర్చునేది. అందుకని ఇంట్లో వైఫై ఉందంటే, వచ్చినవాళ్ళకి పండగ.

మేం తెనాలి వైపు వాళ్ళం. అంటే, అమ్మా నాన్నా అటువైపు వాళ్ళు. నేనూ చెల్లీ పుట్టిందీ పెరిగిందీ రాయపూర్ రైల్వే కాలనీలో. మా ఇద్దరి తెలుగులో సగం హిందీయే. అమ్మ తెలుగు మాత్రం రైలెక్కిన రోజున ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. నాన్న పోయాక, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి అమ్మ రిటైరయ్యాక, మోవాలో ఈ ఇల్లు కొనుక్కున్నాం. ఒక హాలు, రెండు గదులు. నేను నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. చెల్లి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రెండో గది చెల్లిదని పేరు. పేరుకే. ఇల్లు కట్టిన మహానుభావుడు ఎవడో గానీ బాత్రూముకి దారి ఆ గదిలోంచి పెట్టాడు. దాంతో ఆ గదికి తలుపు వేసే వీలు లేదు, ఒక పరదా వేలాడేది. ఎవరికి అవసరమొచ్చినా పరదా తొలగించి, చెల్లి మంచం పక్కనుంచి నడిచి వెళ్ళాల్సిందే.

వీధి చివర కేబుల్ టీవీ నడిపే మనిషే నెట్ కూడా ఇచ్చేవాడు. అతనే వచ్చి రౌటరు గోడకి బిగించాడు. నా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, "ఘర్ మే కిత్‌నే లోగ్ హై, భయ్యా?" అని అడిగాడు. ముగ్గురం అన్నాను. "తీన్ కే లియే దస్ బహుత్ హై" అంటూ ఏదో టకటకా నొక్కి, ల్యాప్‌టాప్ నా చేతికిచ్చి లేచాడు. ముగ్గురికి పది చాలా ఎక్కువట. పది ఏమిటో నాకు తెలియదు, అతను చెప్పనూ లేదు. నెట్ వచ్చింది, అతను టీ తాగి వెళ్ళాడు. వెళ్ళే ముందు అమ్మ అతనికి కూడా పాస్‌వర్డ్ చెప్పబోయింది.

తిప్పలు శనివారాలతో మొదలయ్యాయి. ఊళ్ళో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని వారానికోసారి ఎవరో ఒకరి ఇంట్లో కూడిక పెట్టుకుంటాయి. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర్లో టీ, ఉప్మా. నిజానికి ఇది వంతుల ప్రకారం జరగాలి. ఒకరింట్లో పరీక్షలు, ఇంకొకరింట్లో సున్నాలు, మరొకరింట్లో జ్వరాలు. ఎవరేమన్నా అమ్మ "అయితే మా ఇంట్లోనే పెట్టుకుందాం లెండి" అనేది. అలా వంతు మా ఇంటికొచ్చి పాతుకుపోయింది. రైల్వే కాలనీ నుంచి వచ్చేవాళ్ళు రాత్రికి వెళ్ళిపోయేవారు. ఊరవతల ధర్సీవాలో ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన, ఆయన భార్య, పిల్లలు మాత్రం బస్సు దొరకదని పొద్దున్నదాకా ఉండేవారు. ఎక్కడ పడుకునేవారంటారా? ఇంకెక్కడ, చెల్లి గదిలో. చెల్లికి డ్యూటీ లేకపోతే హాల్లో చాప.

వైఫై వచ్చాక శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా మా ఇంట్లో మాకు నెట్ ఉండేది కాదు. సిగ్నలు గీతలన్నీ నిండుగా కనబడేవి. పాస్‌వర్డ్ సరైనదే. ఫోను మాత్రం ఐపీ అడ్రస్ అందుతోంది, అందుతోంది అంటూనే ఉండేది, అందేది కాదు. ఒక్కోసారి నా ఫోనుకి వచ్చి చెల్లి ఫోనుకి రాదు, ఒక్కోసారి ఎవరికీ రాదు. రౌటరు ఆపి మళ్ళీ వేస్తే కాసేపు బాగుండి, వచ్చిన జనం ఇంట్లో ఉంటే మళ్ళీ మొదటికొచ్చేది. కేబుల్ మనిషికి ఫోను చేస్తే "మేరీ తరఫ్ సే సబ్ ఠీక్ హై" అనేవాడు, తన వైపు అంతా బాగానే ఉందట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆఫీసులో తీరిక దొరికినప్పుడల్లా వెతికి వెతికి, చివరికి సంగతేమిటో కనిపెట్టాను. నెట్ వాడాలంటే ప్రతి ఫోనుకీ ఇంట్లో ఒక నంబరు ఉండాలి. అదే ఐపీ అడ్రస్. అది మనం అడగక్కర్లేదు, రాయక్కర్లేదు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు రౌటరే తనంతట తను ఇచ్చేస్తుంది. ఎన్ని ఇవ్వాలన్నది మాత్రం ముందే పెట్టి ఉంచాలి. మా రౌటరులో కేబుల్ మనిషి పెట్టింది పది. ఆ పదీ అయిపోతే పదకొండోవాడు గుమ్మంలోనే. ఇంకో దరిద్రం ఏమిటంటే, ఒకసారి ఇచ్చిన నంబరు ఒక రోజంతా ఆ ఫోనుదే. ఫోనూ మనిషీ ధర్సీవా వెళ్ళిపోయి అక్కడ అన్నం తిని నిద్రపోతున్నా సరే, ఇక్కడ మా ఇంట్లో ఆ నంబరు ఖాళీ అవ్వదు. అదీ కథ. ఇంట్లో ముగ్గురం, వచ్చేది ఇరవై మంది, ఉన్నవి పది.

కారణం తెలిసిందన్న ఉత్సాహంలో అమ్మని కూర్చోబెట్టి చెప్పాను. "అమ్మా, ఇంట్లో పది కంచాలే ఉన్నాయనుకో. ఇరవై మంది భోజనానికొచ్చారు. అప్పుడేం చేస్తావు?"

"పక్కింట్లో అడిగి తెస్తా" అంది అమ్మ.

"పక్కింట్లో లేవు."

"విస్తళ్ళు వేస్తాం. దీనికింత ఆలోచన ఏందిరా?"

"విస్తళ్ళు కూడా లేవే!"

"లేకపోతే ముందు పదిమంది తింటారు, కడిగి మిగతా వాళ్ళకి పెడతాం. మీ నాన్న ఉన్నప్పుడు క్వార్టర్స్‌లో అట్టా ఎంతమందికి పెట్టలేదు? నువ్వు పుట్టకముందు సంగతులు నాకు చెప్పబాకు."

ఆ పది కంచాలూ పట్టుకుని వాళ్ళు ఇంటికెళ్ళిపోతున్నారు తల్లీ అని చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. పాస్‌వర్డ్ మార్చేశాను, కొరుకుడు పడని అక్షరాలన్నీ కలిపి. అమ్మ నా ఫోనులోంచి చూసి నేర్చేసుకుంది. మందుల పేర్లు గుర్తుపెట్టుకున్న బుర్ర అది, ఇదొక లెక్కా? శనివారం పొద్దున్నే తనే అందరికీ ఫోన్లు చేసి, "మావాడు మార్చాడమ్మా, కొత్తది రాసుకో" అని చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక మిగిలిన దారి ఆ పదిని పెంచడం. రౌటరు సెట్టింగ్స్ పేజీ తెరవబోతే దానికి వేరే పాస్‌వర్డ్ అడిగింది. అది కేబుల్ మనిషి దగ్గరే ఉంది. ఫోనులో చెప్పనంటాడు, వచ్చి చేస్తానంటాడు. "కల్ ఆతా హూఁ, భయ్యా" అని అతను ఎన్నిసార్లన్నాడో. ఆ రేపు ఎప్పటికీ రాలేదు. అక్కడికి నేను కూడా విసిగిపోయి వదిలేశాను. ఆదివారం నెట్ లేకపోతే ప్రాణం పోదు కదా అనుకున్నాను.

అలాంటి రోజుల్లో చెల్లికి ఇంటర్వ్యూ పడింది.

గల్ఫ్‌లో ఒక పెద్ద ఆసుపత్రి. చెల్లి డిగ్రీ కాగితాలు చూపించింది, రాత పరీక్ష పాసయింది, ఇక మిగిలింది వీడియోలో ఒక్క ఇంటర్వ్యూ. దాని కోసం అది పడ్డ పాట్లు నాకు తెలుసు. నైట్ డ్యూటీ చేసి వచ్చి, కాళ్ళు బకెట్ నీళ్ళలో పెట్టుకుని ఇంగ్లీషు చదువుకునేది. ఇక్కడ దాని ఆసుపత్రిలో ఒక్క నర్సుకి ఇద్దరి పని, రోగి తరఫువాళ్ళ తిట్లు అదనం. నోరెత్తి ఒక్క మాట అనేది కాదు. అసలు నా చెల్లి ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నన్ను పట్టుకుని చెప్పింది: "అన్నయ్యా, ఏజెంట్ సాఫ్ చెప్పేశాడు. ఆ టైముకి నేను లైన్లో లేకపోతే నా సీటు తర్వాతవాళ్ళకి ఇచ్చేస్తారంట. ఇంకో ఛాన్స్ లేదు. నెట్ నువ్వు చూసుకో."

చూసుకుంటానని మాటిచ్చాను. ఇంటర్వ్యూ శనివారం మధ్యాహ్నం. కూడిక సాయంత్రం కాబట్టి భయం లేదు. అయినా ఆఫీసుకి సెలవు పెట్టాను. చెల్లి గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, వెనక గోడకి తెల్ల దుప్పటి కట్టాను. ఆ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గులో ఉంటేనే బతుకుతుంది. ఏజెంటుకి ఒకసారి కాల్ చేసి చూశాం. బొమ్మా మాటా చక్కగా ఉన్నాయి. చెల్లి చీర కట్టుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చుంది. అప్పుడు గేటు చప్పుడైంది.

రైల్వే కాలనీ నుంచి సంఘ పెద్దాయన, ఆయన భార్య. వాళ్ళ వెనక ఇంకో కుటుంబం. వాళ్ళ వెనక ఆటోలోంచి దిగుతూ ధర్సీవా వాళ్ళు. వంటింట్లోకి పరిగెత్తాను.

"అమ్మా, ఇవాళ ఈ టైములో కూడిక ఎవరు పెట్టమన్నారే?"

"కూడిక కాదురా, ప్రత్యేక ప్రార్థన. అమ్మడి ఇంటర్వ్యూ అయ్యేంతసేపూ ఇక్కడ మోకాళ్ళ మీద ఉంటామన్నారు అందరూ. ఎంత మంచోళ్ళు! ఎండన పడి వచ్చారు పాపం."

"ఎవరింట్లో వాళ్ళు మోకరిస్తే వినబడదా ఆయనకి?"

"నోరు మూసుకో. వాళ్ళకి మంచినీళ్ళియ్యి, పో."

ఇచ్చాను. ఇరవై మందికి పైనే ఉన్నారు. ఎవరికీ కొత్తగా పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు, వాళ్ళ ఫోన్లకి మా ఇల్లు అలవాటే. జేబుల్లో, పర్సుల్లో, టీపాయ్ మీద, బైబిళ్ళ పక్కన, ఎక్కడ చూసినా ఫోన్లే. ల్యాప్‌టాప్ అప్పటికే నెట్‌లో ఉంది, దాని నంబరు దాని దగ్గరుంది, ఇంకెవరూ లాక్కోలేరు. ఆ ధైర్యంతో ఊరుకున్నాను. హాల్లో పాట అందుకున్నారు. నేను పరదా సరిచేసి, చెల్లికి బొటనవేలు చూపించాను. అది నవ్వడానికి ప్రయత్నించింది.

కరెంటు పోయింది.

ఎక్కువసేపు కాదు. ఫ్యాను రెక్కలు ఆగేలోపే వచ్చేసింది. ఆ కాస్తలోనే ల్యాప్‌టాప్ నల్లబడింది, రౌటరు ఆరిపోయింది, ఎవరికే నంబరిచ్చిందో ఆ లెక్కంతా దానితో పాటే చెరిగిపోయింది. కరెంటు రాగానే రౌటరు లైట్లు వెలిగాయి. ల్యాప్‌టాప్ ముసలిది, లేవడానికి దానికి బోలెడు సమయం పడుతుంది. ఈలోగా హాల్లోంచి టింగ్, టింగ్, టింగ్. ఒకదాని వెంట ఒకటి అందరి ఫోన్లలో మెసేజులు దిగుతున్నాయి. ఒక్కో చప్పుడుకీ ఒక్కో నంబరు పోతోందని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ల్యాప్‌టాప్ లేచింది. మూలన వైఫై గుర్తు మీద పసుపు పచ్చ త్రిభుజం, అందులో ఆశ్చర్యార్థకం.

రౌటరు నేనే ఆపి మళ్ళీ వేశాను. టింగ్, టింగ్. మళ్ళీ త్రిభుజం. వైఫై వద్దని తీగ తెచ్చి నేరుగా రౌటరుకి గుచ్చాను. తీగతో వచ్చినా నంబరు ఇచ్చేది ఆ రౌటరే కదా, అక్కడా లేదంది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్‌లో మనమే చేత్తో ఒక నంబరు రాసుకోవచ్చని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ రోజు నాకేం తెలుసు, నా మొహం! చెల్లి ఫోన్లో నెట్ ఆన్ చేసి చూశాం, చక్రం తిరుగుతోంది. సిగ్నలు కోసం గేటు దగ్గరికి పోదామంటే ల్యాప్‌టాప్‌కి అక్కడ ప్లగ్గు లేదు.

"అన్నయ్యా, టైమైపోయింది" అంది చెల్లి. "వాళ్ళు కాల్ కర్ రహే హోంగే. అన్నయ్యా, ఏదో ఒకటి చెయ్యి ప్లీజ్."

హాల్లోకి వచ్చాను. అందరూ మోకాళ్ళ మీద, కళ్ళు మూసుకుని ఉన్నారు. పెద్దాయన చేతులు పైకెత్తి ప్రార్థిస్తున్నాడు. "ప్రభువా, ఈ బిడ్డ ముందున్న ప్రతి అడ్డునూ తొలగించు తండ్రీ, ఏ శక్తీ దానికి అడ్డుపడకుండా చూడు తండ్రీ." స్తోత్రం, స్తోత్రం అంటున్నారు అందరూ. అడ్డు వాళ్ళ జేబుల్లోనే ఉంది! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అమ్మ పక్కన కూలబడి చెవిలో చెప్పాను, ఫోన్లు ఆపమని చెప్పవే అని. అమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఆమెన్ అననీరా."

ఆ పెద్దాయన ఆమెన్ దాకా రావాలంటే ఎంతసేపు పడుతుందో మా సంఘంలో పిల్లవాడినడిగినా చెబుతాడు. ఆయన ఇంకా లోకంలోని రోగుల దగ్గరికి రాలేదు, పాలకుల దగ్గరికి అసలే రాలేదు. నేను టీపాయ్ దగ్గరికి పాకాను. దొరికిన ఫోను దొరికినట్టు పట్టుకుని బటను నొక్కి ఆపడం మొదలుపెట్టాను. ఆ ఫోన్లు ఊరికే ఆరిపోతాయా? ఒక్కొక్కటీ వెళ్ళేముందు వీణ వాయించినట్టు ఒక రాగం తీసింది. ఒకటి, రెండు, మూడు. కళ్ళు తెరుచుకున్నాయి. ఎవరిదో చెయ్యి వచ్చి, "బాబూ, అది నాది" అంటూ నా చేతిలోంచి ఫోను లాక్కుని, మళ్ళీ ఆన్ చేసింది.

అంతే, నాకు చిర్రెత్తుకొచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఆపండి! ఫోన్లు ఆపండి అందరూ! ఈ ఇంట్లో ఉన్న నెట్టంతా మీ ఫోన్లే తినేశాయి. అక్కడ దాని ఇంటర్వ్యూ పోతోంది. అది ఇంక మళ్ళీ రాదు. దేవుడి మీద ఒట్టు, ముందు ఫోన్లు ఆపి తర్వాత ప్రార్థన చేసుకోండి!"

ప్రార్థన మధ్యలో అరిచినవాణ్ణి మా వాళ్ళలో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. పైగా ఒట్టు కూడా పెట్టాను. అమ్మ మొహం కందిపోయింది. పెద్దాయన చేతులు అలాగే పైన ఉన్నాయి. కళ్ళు తెరవకుండానే, "ప్రభువా, ఫోన్లు ఆపుతున్నాం తండ్రీ" అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, "బాబూ, పూర్తిగా ఆపెయ్యాలా, సైలెంట్‌లో పెడితే చాలా?" అని అడిగాడు.

"పూర్తిగా అంకుల్! పూర్తిగా!"

ఆపారు. అప్పుడు వినాలి ఆ రాగాలన్నీ. ధర్సీవా ఆవిడకి ఎలా ఆపాలో తెలియలేదు, నేనే వెనక మూత ఊడదీసి బ్యాటరీ పీకి ఆవిడ ఒళ్ళో పెట్టాను. రౌటరు ఆపి మళ్ళీ వేశాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ త్రిభుజం వైపు చూస్తున్నాం నేనూ చెల్లీ. అది కాసేపు అలాగే ఉంది. తర్వాత పోయింది. పోయిన మరు నిమిషమే కాల్ మోగింది. చెల్లి కళ్ళు తుడుచుకుని, చీర కొంగు సర్దుకుని నొక్కింది. నేను తెర మీద పడకుండా వంగి, పరదా ఇవతలికి వచ్చి గోడకానుకున్నాను.

అవతలి మనిషి విసుగ్గానే మొదలుపెట్టాడు. చాలాసేపు ప్రయత్నించామన్నాడు. చెల్లి సారీ చెప్పింది, కరెంటు పోయిందంది. హాల్లో ఇరవై మందీ నోరు మెదపకుండా కూర్చున్నారు. గట్టిగా ప్రార్థిస్తే లోపలికి వినబడుతుందని ఎవరూ పెదవి విప్పలేదు. ఆరిపోయిన ఫోన్లు చేతుల్లో పట్టుకుని అలా చూస్తున్నారు. మా ఇల్లు జనంతో నిండి ఉండగా అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఫ్యాను చప్పుడు, ల్యాప్‌టాప్‌లోంచి ఆ మనిషి గొంతు, చెల్లి జవాబులు.

అంతా ఇంగ్లీషులోనే. ఐసీయూ గురించి అడిగాడు, చెప్పింది. మందు మోతాదు లెక్క అడిగాడు, తడుముకోకుండా చెప్పింది. నా పక్కనే మోకాళ్ళ మీద ఉన్న అమ్మ ఒక్కో జవాబుకీ తలాడిస్తోంది. ఇంగ్లీషు అమ్మకి బాగా అర్థమవుతుంది, అన్నేళ్ళు డాక్టర్ల పక్కన నిలబడిన మనిషి. మిగతావాళ్ళలో చాలామందికి అర్థం కావడం లేదు గానీ, అమ్మ తల చూసి వాళ్ళూ సంతోషిస్తున్నారు.

చివర్లో ఆయన, హాస్టల్లో గదికి ఇద్దరు చొప్పున ఉండాలి, ఏమైనా ఇబ్బందా అని అడిగాడు.

చెల్లి నవ్వింది. ఆ రోజు మొత్తంలో అదే మొదటిసారి నవ్వడం. "ఇద్దరేనా సార్?" అంది. "మా ఇంట్లో బాత్రూముకి వెళ్ళాలంటే అందరూ నా గదిలోంచే వెళ్తారు. శనివారం వచ్చిందంటే నా మంచం కూడా నాది కాదు. మా అమ్మ ఎవరికీ లేదనదు సార్. చాలా మంచిది. కానీ చిన్నప్పటి నుంచీ ఇంట్లో నాకంటూ ఒక్క మూల లేదు. ఇద్దరికి ఒక గదంటే సగం నాదే కదా. నాకది చాలు."

అవతల ఆయన కూడా నవ్వాడు. చెల్లి ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు. ఉన్నమాట సరదాగా చెప్పింది, పరదా ఇవతల ఇల్లంతా చెవులు రిక్కించి కూర్చుందన్న ధ్యాస లేకుండా.

అమ్మ తలాడించడం ఆపేసింది.

ధర్సీవా ఆవిడ అమ్మ మీదికి వంగి, గుసగుసగా, "ఏమంటందమ్మా అమ్మాయి? నవ్వుతా ఉంది?" అని అడిగింది.

"బాగా చెబుతోంది" అంది అమ్మ. "అన్నీ బాగానే చెబుతోంది."

అమ్మ మొహం వైపు చూడలేకపోయాను. జాలేసింది. ఆ జనాన్ని, ఆ ఫోన్లని చూస్తే కోపమూ తగ్గలేదు. ఇదిగో ఇంత వయసొచ్చిన మగవాణ్ణి, గోడవైపు తిరిగి నిలబడ్డాను.

చెల్లికి ఉద్యోగం వచ్చింది. ఆ కాల్‌లోనే చెప్పేశారు. అది పరదా తీసుకుని బయటికి రాగానే హాలంతా స్తోత్రాలు, ఏడుపులు. పెద్దాయన ఆపిన చోట నుంచి ప్రార్థన అందుకుని రోగుల్ని, పాలకుల్ని అందర్నీ చుట్టివచ్చాడు. అమ్మ అందరికీ ఉప్మా పెట్టింది. సాయంత్రం ధర్సీవా వాళ్ళ సంచులు ఎవరో అలవాటుగా చెల్లి గదిలోకి తీసుకెళ్ళబోతే, "హాల్లో పెట్టమ్మా, ఇవాళ ఇక్కడ చాపలేస్తా" అంది అమ్మ. చెల్లికి ఎందుకో అర్థం కాలేదు, నన్ను చూసి కళ్ళెగరేసింది. నేనూ చెప్పలేదు.

సోమవారం నేను కేబుల్ మనిషి దుకాణానికెళ్ళి, ఇంక కదలనని అక్కడే కూర్చున్నాను. చివరికి అతను బండి మీద నా వెనకే వచ్చాడు. సెట్టింగ్స్ పేజీ తెరిచి, డీహెచ్‌సీపీ అని ఉన్న చోట, అంటే ఈ నంబర్లు పంచే చోట, మొదటి నంబరు, ఆఖరి నంబరు అని రెండు గళ్ళు చూపించాడు. ఆఖరి గడిలో అంకె మార్చి, సేవ్ నొక్కాడు. పది కాస్తా యాభై అయింది. అంతే. ఆ ఒక్క అంకె కోసం ఇన్ని నెలలు మేం పడ్డ యాతన గుర్తొచ్చి అతని పీక పిసికేద్దామనిపించింది. "బస్, హో గయా భయ్యా" అని పళ్ళికిలించి, ఈసారి ఆ పేజీ పాస్‌వర్డ్ నాకిచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు.

అతను వెళ్ళాక అమ్మ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

"అందులో అమ్మడికొకటి విడిగా పెట్టు."

"ఏమిటి పెట్టేది? ఇప్పుడు యాభై ఉన్నాయే. ఎంతమంది వచ్చినా దానికి దొరుకుతుంది."

"దొరకటం కాదురా. దానికని ఒకటి. ఇంకెవరికీ పోకూడదు. అట్టా పెట్టటం కుదిరిద్దా, కుదరదా?"

కుదురుతుంది. ప్రతి ఫోనుకీ దానిదంటూ ఒక గుర్తు ఉంటుంది, అది రాసి, దాని ఎదురుగా ఒక నంబరు రాస్తే, ఇక రౌటరు ఆ నంబరు ఆ ఫోనుకి తప్ప ఎవరికీ ఇవ్వదు. కుదురుతుంది గానీ అవసరం లేదని, ఇంకో నెలలో అది వెళ్ళిపోతుందని, అది ఉత్త దండగ పని అని చెప్పి చూశాను. అమ్మ అక్కడి నుంచి కదల్లేదు. చేస్తే గానీ వదలదని, చెల్లి ఫోను తెప్పించి ఆ గుర్తు చూసి రాశాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఆ వరస మొత్తం వేలితో చూసుకుని, సరేనంది.

చెల్లి వెళ్ళింది. ఫోను దానితో పాటే వెళ్ళింది. కూడికలు మా ఇంట్లోనే జరిగాయి, పాస్‌వర్డులు చెప్పడం మానలేదు. అమ్మలో ఇంకేదో మార్పు వచ్చిందంటే నమ్మకండి. ఇంటికొచ్చినవాళ్ళని ఎక్కడ పడితే అక్కడ కూర్చోబెట్టేది, ఏది ఉంటే అది చేతిలో పెట్టేది. నాకు ఎప్పటిలాగే చిరాకేసేది.

కొన్ని నెలలు గడిచాక ఒక రోజు ఆ రౌటరు పేజీ తెరిచి పనికిరాని పాత వరసల్ని తీసేస్తున్నాను. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది. చెల్లి వరస దగ్గరికొచ్చి, "ఇది కూడా తీసేస్తున్నానే, ఊరికే పడి ఉంది. దీన్ని ఇంకెవరికైనా ఇవ్వొచ్చు" అన్నాను.

అమ్మ చేట కింద పెట్టింది.

"దాని జోలికి పోబాకు" అంది. "అది అమ్మడిది. ఎవరొచ్చి అడిగినా ఇవ్వబాకు."